పోత తేదీ

ఇంజను ఎత్తే క్రేను జాకీలోంచి నూనె కారుతున్నదన్న సంగతి లైల్ హచిన్స్ పొద్దున్నే చెప్పాడు, అదీ నవ్వులాటగా.

"దీనికీ నాకూ ఒకటే జబ్బు వాండా. ఎంత పైకి లేపినా పది నిమిషాల్లో వేలెడు కిందికి జారుతుంది. మధ్యమధ్యలో పిడి పట్టుకుని రెండు పోట్లు కొడుతుండాలి, అంతే."

"కొత్త రబ్బరు సీలు వేయించుకోరాదూ? దానికీ, నీకూ."

"అరవై రెండేళ్లవాడికి సీలు ఎవడేస్తాడు తల్లీ!" అని లైల్ పగలబడి నవ్వి, మళ్లీ ఈలపాట అందుకున్నాడు. చేతిలో పానా ఉన్నంతసేపూ అతని నోట ఈల ఉండవలసిందే. ఇంజన్ల కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు అతని పక్కనే నిలబడి పనిచేసిన వాండా నోవిట్స్కీకి ఆ ఈల గడియారం చప్పుడు లాంటిది. ఉన్నప్పుడు వినపడదు, ఆగితే వినపడుతుంది.

అక్టోబరు మూడో శనివారం. బెల్‌ఫోర్డ్ ఊరి చివర, కోతలు అయిపోయిన మొక్కజొన్న చేల నడుమ, లైల్ కొట్టం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆకాశం సీసపు రేకులా కిందికి వంగి ఉంది. కొట్టం మధ్యలో 1970 నాటి నీలం రంగు చెవెల్ నిలబడి ఉంది. మిషిగన్ రాష్ట్రపు కుర్రవాళ్లు ఒకప్పుడు ఎర్రదీపం దగ్గర పక్కపక్కన ఆపుకుని, పచ్చదీపం పడీ పడకముందే ప్రాణాలకు తెగించి ఉరికించిన మజిల్ కార్లలో అదొకటి. దాని బానెట్‌ను విప్పి గోడకు ఆనించారు. రేడియేటరు, ఫ్యాను, గొట్టాలు, వైర్లు అన్నీ ఊడదీసి బల్ల మీద వరుసగా పేర్చారు. ఒక్కొక్కదానికీ ఒక చీటీ, చీటీ మీద తేదీ.

విప్పిన ముక్కకు తేదీ వేసి చీటీ కట్టనిదే లైల్ మరో ముక్క ముట్టుకోడు. పాత కార్లు బాగుచేసేవాళ్లందరికీ ఆ ఊళ్లో ఈ మడి ఉంది గాని, లైల్‌ది మరీ చాదస్తం. కారుతోపాటు కర్మాగారం నుంచి వచ్చిన అసలు ముక్క అయితే చాలు, విరిగినా, వంగినా, తుప్పు పట్టినా, అతను పారేసి ఎరగడు. అటక మీద పదకొండు చెక్కపెట్టెలు అలా పోగుపడి ఉన్నాయి.

వచ్చే జూలైలో రాష్ట్రస్థాయి పోటీ. అక్కడి న్యాయనిర్ణేతలు చేతి అద్దాలూ టార్చిలైట్లూ పట్టుకుని కారు కిందికి దూరి, ప్రతి ఇనుప ముక్క మీదా పోత పోసిన తేదీ చూస్తారు. కారు పుట్టిన రోజుకన్నా ఒక్క ముక్క తర్వాత పుట్టినా మార్కులు పోతాయి. ఆ తేదీలు చదవడానికే లైల్ వాండాను పిలిచాడు. నెలకొక అక్షరం, ఆపైన తారీఖు, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. మసి పట్టి, సగం అరిగిన ఆ గుర్తులను బ్రష్షుతో రెండుసార్లు రుద్ది చదవగలవాళ్లు బెల్‌ఫోర్డ్‌లో ఆమె తప్ప ఇప్పుడెవరూ మిగల్లేదు. కర్మాగారమే మిగల్లేదు. అది ఉన్నచోట ఇప్పుడు గడ్డి మొలుస్తున్నది.

పోటీవాళ్ల కాగితం అట్టకు బిగించి బల్ల చివర పెట్టి ఉంది. మొదటి ప్రశ్న: కారు ఎప్పుడైనా దెబ్బతిన్నదా? లైల్ ముందే పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు: ఎన్నడూ లేదు.

"ఇంకో మూడు పోట్లు," అంది వాండా, కారు ముందుభాగంలోకి వంగి, ఇంజను వెనక చేయి పెట్టి చూస్తూ. లైల్ పిడి నొక్కాడు. గొలుసులు బిగుసుకుని మూలిగాయి. ఏడు వందల పౌండ్ల ఇనుము బెడ్డు మీంచి లేచి, నాలుగు వేళ్ల ఎత్తున గాల్లో నిలిచింది.

"చెయ్యి జాగ్రత్త. ఇదేం కర్మాగారం కాదు, వేలు తెగితే నర్సు పరిగెత్తుకు రాదు. వచ్చేది నోరీన్. ఆవిడొస్తే ముందు నన్ను తిడుతుంది, తరవాత నీ వేలు వెతుకుతుంది."

లైల్ భార్య నోరీన్ అప్పటికే ఒకసారి వచ్చి కాఫీ ఇచ్చి, మధ్యాహ్నానికి జింక మాంసం చిల్లీ కూర వండుతున్నానని చెప్పి వెళ్లింది. ఆవిడ మేనల్లుడి ట్రక్కుకు గురువారం ఒక ఆడజింక అడ్డం పడిందట. ఆ జిల్లాలో జింకను గుద్దినవాడు బండికైన సొట్ట కేసి తర్వాత చూసుకుంటాడు, ముందు మాంసం ఇంటికి చేరుస్తాడు. రోడ్డు మీద వదిలేసి వచ్చినవాణ్ని మనిషిగా చూడరు.

వాండా అద్దం ఇంజను వెనక్కి పోనిచ్చి, టార్చి వేసి చదివింది. "బి, పన్నెండు, సున్నా. ఫిబ్రవరి పన్నెండు, డెబ్బై."

"నా బంగారం!" అన్నాడు లైల్, ఇంజనునుద్దేశించి. కారు మార్చి రెండో వారంలో తయారైంది.

ఆమె కాగితం మీద రాసింది. తర్వాత ఇంజను సిలిండర్ల మీది తలకాయలు రెండూ. తర్వాత పై గొట్టం. అన్నీ ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల పోతలే. ఒక్కొక్క తేదీకీ లైల్ ఈల ఒక్కొక్క మెట్టు ఎక్కింది. కన్న పిల్లల పేర్లు వింటున్నట్టు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఇంజను ముందుకొచ్చి, నీళ్ల పంపు మీది గ్రీజు రుద్దింది వాండా.

"జె, ఇరవై నాలుగు, మూడు."

ఆమె చేయి ఆగింది. పదో అక్షరం. అక్టోబరు ఇరవై నాలుగు, డెబ్బై మూడు.

అక్టోబరు నెల ఆమెకు మంచిది కాదు. పంతొమ్మిది వందల డెబ్బై మూడు, అక్టోబరు పంతొమ్మిది, శుక్రవారం సాయంత్రం, ఆమె తమ్ముడు కాజిమిర్ రొట్టెల దుకాణంలో పని ముగించుకుని సైకిలు మీద ఇంటికి వస్తూంటే మిల్ రోడ్డు మలుపులో ఏదో కారు గుద్దింది. వాడికి పంతొమ్మిదేళ్లు. శనివారం పొద్దున పాలలారీ వాడు చూసేదాకా మురుగు కాలవలో ఉన్నాడు. తుంటి ఎముక, రెండు కాళ్లూ విరిగాయి గాని, వాడు వెంటనే పోలేదు. తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటల వేళ దాకా ప్రాణం ఉందని డాక్టరు రాశాడు. కాలవలోంచి రోడ్డు వైపు పదకొండు అడుగులు పాకాడని కొలిచిన పోలీసు రాశాడు. ఆ రెండు కాగితాలూ వాండా దగ్గర ఉన్నాయి. తీసి చూడనక్కర్లేకుండా ఉన్నాయి.

గుద్దినవాడు దొరకలేదు. పోలీసులు ఇల్లిల్లూ తిరిగి, కార్ల ముందు భాగాలు చూసి వెళ్లారు. ముప్ఫై ఆరేళ్లుగా వాండా ఇద్దరు షెరీఫుల్ని అడిగింది, ముగ్గురు పాదరీలను అడిగింది. ఇప్పుడు దొరికినా శిక్షించే గడువు దాటిపోయిందని జిల్లా కచేరీలో ఎవడో కుర్రాడు, చూయింగ్ గమ్ నములుతూ, ఒకనాడు ఆమెకు వివరించాడు. ఆమె శిక్ష అడగడానికి వెళ్లలేదు. ఆమె తెలుసుకోవలసింది రెండే. ఎవరు? గుద్దినవాడు ఆగి చూశాడా, చూడకుండా పోయాడా?

"ఏంటి, మాట్లాడవు?" అన్నాడు లైల్.

"నీ పంపు దొంగది. డెబ్బై మూడులో పోసింది. పోటీలో మార్కులు పోయినట్టే."

లైల్ కళ్లు మెరిశాయి. "పోతాయా? నేనుండగానా? ఆ పంపు పాతది కారుతుంటే మార్చాను. మార్చానంటే కొన్నాననుకున్నావా? పోత వేడి చల్లారకముందే మన వరసలోంచి తీసి, థర్మాస్ బయట పెట్టి, టిఫిన్ డబ్బాలో పడుకోబెట్టుకుని గేటు దాటించాను. గేటు కాడ ఆ లావుపాటి కాపలావాడు లేడూ, ఏంటోయ్ డబ్బా బరువుగా ఉంది అంటే, మా ఆవిడ చేసిన మాంసపు రొట్టె అన్నాను. వాడు నోరీన్ వంట ఎరుగును. పాపం అని వదిలేశాడు!"

వాండా నవ్వింది. ఆ కర్మాగారంలో టిఫిన్ డబ్బాల్లో ఇంజను సగం బయటికి నడిచి వెళ్లిందన్న మాట ఊరంతటికీ తెలిసిందే.

"అసలుది ఉంది మరి. అదెక్కడికి పోతుంది? అటక మీద మూడో పెట్టెలో ఉంటుంది చూడు. నా మోకాళ్లు నిచ్చెన ఎక్కవు. నువ్వెక్కు. దానికి చిన్న దెబ్బుంది, సరిచేయించి బిగిస్తే ఏ మగాడు మార్కులు కోస్తాడో చూస్తాను."

అతనే పంపాడు. ఆ సంగతి ఆ తర్వాత వాండా ఎన్నోమార్లు తలుచుకుంది. దాచినవాడు కాదు పంపించింది, దాచుకున్నవాడు. ముప్ఫై ఆరేళ్లలో ఆ ముక్క అతనికి ఒట్టి ముక్క అయిపోయింది. తేదీ సరిపోయిన, పోటీకి పనికొచ్చే ముక్క.

అటక మీద చలి ఎక్కువగా ఉంది. మూడో పెట్టెలో నూనె కాగితం చుట్టిన బరువైన పొట్లం అడుగున దొరికింది. వాండా కిటికీ దగ్గర కూర్చుని విప్పింది. కింద లైల్ ఈల ఏదో పోల్కా నాట్యపు వరస మీద సాగుతున్నది.

పంపు కారిపోయి చెడలేదు. కారిన పంపు ఇరుసు దగ్గర తుప్పు చారలు కట్టి చెడుతుంది, అటువంటివి ఆమె వేల సంఖ్యలో చూసింది. దీని ఇరుసు వంగి ఉంది. ఫ్యాను బిగించే పళ్లెం ఒక పక్కకు నొక్కుకుపోయి ఉంది. ముందునుంచి ఏదో వచ్చి రేడియేటరును వెనక్కి తోసి, రేడియేటరు ఫ్యానును తోసి, ఫ్యాను ఈ ఇరుసును వంచితే తప్ప ఇనుము ఇలా వంగదు. చీటీ పురికొసతో కట్టి ఉంది. గుండ్రటి అక్షరాలు. ఇంకు గోధుమ రంగుకు తిరిగింది గాని, ఒక్క గీతా చెరగలేదు.

నీళ్ల పంపు. అసలుది. పారేయొద్దు. 20 అక్టోబరు 73.

వాండా చీటీ రెండోసారి చదవలేదు. కూర్చున్నచోటే కూర్చుని, మనసులో ఒక్కొక్క ముక్కనే దాని చోట పెట్టుకుంటూ పోయింది.

మిషిగన్‌లో ఇటువంటి కార్లను చలికాలం బయటికి తీయరు. రోడ్ల మీద మంచుకు ఉప్పు చల్లే ముందే లోపల పెట్టి దుప్పటి కప్పేస్తారు, మళ్లీ వసంతం వానలు ఆ ఉప్పు కడిగేదాకా తీయరు. ఇంకొకడి కారు మీది దుప్పటి ఎత్తి చూడటం ఆ ఊళ్లో ఇంకొకడి పడకగదిలోకి తొంగిచూడటంతో సమానం. పోలీసులూ ఆ ఊరివాళ్లే. ఆ అక్టోబరులో వాళ్లు లైల్ కొట్టానికి వచ్చినప్పుడు, కారు దుప్పటి కింద ఉంది. అప్పుడే పెట్టేశావా అని అడిగి, ముందుచూపుగలవాడని మెచ్చుకుని ఉంటారు. ఆ ఏడు మొదటి మంచు నవంబరు నెలాఖరున గాని పడలేదు. అది వాండాకు బాగా గుర్తు. కాజిమిర్ సమాధి మన్ను నెల రోజులు నల్లగా, తడిగా, ఏ కప్పూ లేకుండా ఉంది.

శవపేటిక మోసిన ఆరుగురిలో లైల్ ఒకడు. జనవరిలో ఫోర్‌మన్‌తో మాట్లాడి ఆమెకు కర్మాగారంలో పని ఇప్పించింది లైల్. ప్రతి చలికాలం వాళ్ల వాకిట్లో మంచు ఎత్తింది లైల్. మే నెలాఖరున చనిపోయినవాళ్లకు పూలు పెట్టే రోజున, ఏటేటా, ఈ నీలం కారులో వాండా తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని సమాధుల దగ్గరికి తీసుకువెళ్లింది లైల్. తల్లి పోయేదాకా తన జపమాలలో కొడుకు పేరు తర్వాతి పూసకు లైల్ పేరే పెట్టుకుంది.

కింద ఈల ఆగిపోయింది.

పానా చప్పుడు లేదు, జాకీ పిడి చప్పుడు లేదు. నిచ్చెన మొదట్లో చెక్క ఒకసారి కిర్రుమంది.

"వాండా." లైల్ గొంతు మెల్లగా ఉంది. "మూడో పెట్టె కాదేమో. అసలక్కడ లేదేమో. దిగి వచ్చెయ్."

"దొరికింది," అంది వాండా.

ఆమె పొట్లం మళ్లీ చుట్టి, చంకన పెట్టుకుని, ఒంటి చేత్తో పట్టుకుంటూ దిగింది. లైల్ నిచ్చెన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె పాదాలు నేలకు ఆనేదాకా నిచ్చెన మీదినుంచి చేయి తీయలేదు. పడకుండా పట్టుకున్నాడో, తోయడానికి పట్టు చూస్తున్నాడో తెలియలేదు.

"చీటీ ఉందా దానికి?"

"ఉంది."

"ఏమని ఉంది?"

"అసలుది, పారేయొద్దని ఉంది."

లైల్ ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. అద్దాలకు మసి అంటుకుని ఉందన్నది నిజమే.

"సరే," అన్నాడు అతను చివరికి. "పని కానిద్దాం. ఇంజన్ను ఏదో పట్టుకుని ఉంది వెనకాల, ఇంకా పైకి లేవట్లేదు. కింద ఎర్తు పట్టీ విప్పడం మరిచిపోయాం. నూనె తొట్టికింద చెయ్యి పోనిచ్చి విప్పు. నీ చెయ్యి సన్నం కదా, ఎప్పుడూ నువ్వేగా చేసేది. నేను పిడి పట్టుకుంటాను."

అది నిజం. ముప్ఫై ఏళ్లుగా ఇరుకులో చేయి పెట్టేది ఆమె, బరువు పట్టేది అతను. ఇంజను అడుగున నూనె తొట్టికీ, దాని కింద కారు వెడల్పునా ఉన్న అడ్డ దూలానికీ మధ్య చేయి పట్టేంత సందు ఉంది. ఆ సందు నిమిషానికి కొంచెం చొప్పున తగ్గిపోతున్నది. లైల్ కుడిచేయి జాకీ కడ్డీ మీద ఉంది. పిడి నొక్కితే ఇంజను లేస్తుంది. పక్కనున్న చిన్న మర అరచుట్టు తిప్పితే ఒక్కసారిగా దిగుతుంది. అతని బొటనవేలు ఆ మర మీద ఆని ఉండటం వాండా చూసింది. అక్కడ వేలు ఆన్చవలసిన పని ఇప్పుడేమీ లేదు.

"ఈసారి నువ్వు పెట్టు," అంది. "నా భుజం పట్టేసింది అటక మీద. పిడి నేను పట్టుకుంటా."

"నా చెయ్యి పట్టదు అక్కడ."

"పడుతుంది. పోయిన వారం పట్టిందన్నావుగా." ఆమె అతని కళ్లలోకి చూసింది. "ఏం లైల్, భయమా?"

ఎందుకని అతను అడగలేడు. అడిగితే భయమెందుకో చెప్పవలసి వస్తుంది. బెల్‌ఫోర్డ్‌లో మగవాడు ఆడదాని చేతికి జాకీ ఇచ్చి ఇంజను కింద చేయి పెట్టడానికి జంకాడన్న మాట మిగిలిపోవడం అంతకన్నా కష్టం. లైల్ పానా తీసుకుని, పొట్ట కారు అంచుకు ఆనించి వంగి, మందపాటి కాన్వాసు కోటు చేతితో సహా, మోచేతి దాకా తొట్టి కిందికి పోనిచ్చాడు.

వాండా పిడి పట్టుకుంది. పట్టుకుని ఊరుకుంది.

"బోల్టు బిగుసుకుంది," అన్నాడు లైల్ లోపలినుంచి.

"నెమ్మదిగా తియ్యి. తొందరేముంది."

గొలుసు ఒక లంకె మీద సర్దుకుని టిక్కుమంది. వాండా ఆ చిన్న మరను తాకలేదు. ఆమె ఏమీ చేయలేదు. ఏమీ చేయకపోతే ఏమవుతుందో పొద్దున్నే అతనే చెప్పి ఉన్నాడు.

"వాండా, ఓ రెండు పోట్లు కొట్టు. కోటు పట్టుకుంటోంది."

"డెబ్బై మూడు, అక్టోబరు ఇరవై, శనివారం. నువ్వు పంపు విప్పిన రోజు. వాణ్ని పాలలారీ వాడు చూసింది ఆ పొద్దున్నే."

లైల్ చేయి లాక్కోబోయాడు. మోచేయి దూలానికి వంకీలా తగులుకుంది. కోటు మడత తొట్టి కింద నొక్కుకుపోయింది. ఎడమ చేయి గాల్లో వెతికింది గాని, జాకీ అతనికి రెండు బారల దూరంలో ఉంది.

"అది జింక. వాండా, విను. జింకను గుద్దాను. దేవుడి తోడు..."

"దేవుణ్ని వదిలెయ్. మా అమ్మ ముప్ఫై ఏళ్లు నీ పేరు ఆయన చెవిలో వేసింది, అది చాలు."

"ముందు కొట్టు! ముందు పిడి కొట్టవే! తరవాత మాట్లాడుకుందాం!"

"నేను అడిగేది ఒక్కటే. ఆగావా, ఆగకుండా పోయావా?"

కాన్వాసు గుడ్డ నలిగే సన్నటి చప్పుడు వచ్చింది. ఇంజను దిగుతున్నట్టు కంటికి కనపడదు. గోడ మీది మేకును గుర్తు పెట్టుకుని చూస్తే, గొలుసు కొక్కెం దాని కిందికి వెంట్రుక వాసి చొప్పున జారుతున్నట్టు తెలుస్తుంది. వాండా మేకు వైపే చూస్తూ నిలబడింది. కొలతలు తీసే మనిషి ఆమె. ఎముకకూ ఇనుముకూ మధ్య ఇంకా ఎన్ని నిమిషాలున్నాయో ఆమెకు తెలుసు. చాలినన్ని ఉన్నాయి. కాజిమిర్‌కు పది గంటలు ఉండినాయి.

"ఆగాను," అన్నాడు లైల్.

ఆ గొంతు ఆమె ఎరిగిన గొంతు కాదు.

"ఆగాను. దిగాను. నాలుగు బీర్లు తాగి ఉన్నాను. కాలవలో ఉన్నాడు. లైటు వెలుగులో నన్ను చూశాడు. చూసి... లైల్ అన్నాడు."

"ఇంకా?"

"కాళ్లు కదలట్లేదు లైల్, అమ్మకు చెప్పు అన్నాడు. చెప్తానన్నాను. వస్తా, ఇక్కడే ఉండు అన్నాను. ఫోన్ చేద్దామనే వచ్చాను వాండా. ఇంటికొచ్చి కారు లోపల పెట్టాను. పెట్టాక... ఇక్కడే కూర్చున్నాను. ఈ బల్ల మీదే. ఇప్పుడు చేస్తా, ఇప్పుడు చేస్తా అనుకుంటూ. తెల్లారిపోయింది. నువ్వు కొట్టు, నీ కాళ్లు పట్టుకుంటా, ఎముక మీదికొచ్చేసింది!"

ఇక్కడే ఉండు. కాళ్లు విరిగినవాడితో ఆ మాట అన్నాడు. వాడు పదకొండు అడుగులు పాకింది ఇంటి వైపు అని ఇన్నేళ్లూ వాండా అనుకుంది. కాదు. లైల్ వస్తాడని పాకాడు. వచ్చే కారుకు కనపడాలని పాకాడు.

తెల్లారాక ఈ మనిషి కూర్చుని పంపు విప్పాడు. దానికి చీటీ రాసి, పురికొసతో ముడి వేశాడు. పారేయొద్దని రాసుకున్నాడు.

వాండా చేయి పిడి మీద అలాగే ఉంది. ఈ చేయి ఇప్పుడు కదలకపోతే తాను ఎవరవుతుందో ఆమెకు స్పష్టంగా, చదివిన పోత తేదీలంత స్పష్టంగా తెలిసింది. ఏమీ చేయకుండా కూర్చోవడం ఎంత తేలికో కూడా తెలిసింది. అంత తేలిక కావడమే ఆమెకు అన్నిటికన్నా అసహ్యం కలిగించింది.

రెండు పోట్లు కొట్టింది. ఇంజను వేలెడు లేచింది. లైల్ చేయి లాక్కుని, వెనక్కి పడి, నేల మీద కూర్చుండిపోయాడు. ముంజేతి మీద ఎర్రటి చార తప్ప ఏమీ కాలేదు. దాన్ని రొమ్ముకు అదుముకుని పసివాడిలా ఊగసాగాడు.

అప్పుడు చూసింది వాండా. తలుపు దగ్గర నోరీన్ నిలబడి ఉంది. చేతుల్లో చిల్లీ గిన్నె. మూత సందులోంచి ఆవిరి వస్తున్నది. ఎంతసేపటినుంచి నిలబడి ఉందో, గిన్నె పిడులకు గుడ్డ చుట్టి పట్టుకున్న ఆమె వేళ్లు తెల్లబడిపోయాయి.

"నోరీన్," అన్నాడు లైల్. "చూడు, ఈవిడ నా చెయ్యి..."

"ఆ ఏడు మనింట్లో జింక మాంసం లేదు," అంది నోరీన్.

అతను ఊగడం ఆపేశాడు.

"జింకను గుద్దానన్నావు. మాంసమేదీ అన్నాను. పాడైపోయింది, వదిలేశానన్నావు." ఆవిడ మాట్లాడుతున్నది లైల్‌తో గాని, చూస్తున్నది గిన్నెలోకి. "అక్టోబరు చలిలో మాంసం పాడవుతుందా అని మళ్లీ అడగలేదు నేను. మర్నాడు మీ ఇంటికి రొట్టె పట్టుకొచ్చాను వాండా. మీ అమ్మ నన్ను కావలించుకుంది. అప్పుడూ అడగలేదు."

ఆవిడకు ఇవ్వడానికి వాండా దగ్గర మంచి మాట ఏదీ లేదు, చెడ్డ మాట వృథా చేయడం ఇష్టం లేదు.

బల్ల దగ్గరికి వెళ్లి, పోటీవాళ్ల కాగితం ముందుకు లాక్కుంది. పొద్దుటినుంచి తాను రాసిన తేదీలన్నీ వరసగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. నీళ్ల పంపు ఎదుట ఖాళీ ఉంటే, అక్కడ జె, ఇరవై నాలుగు, మూడు అని పూర్తి చేసింది. పైకి వెళ్లి, మొదటి ప్రశ్న కింద 'ఎన్నడూ లేదు' అన్న మాటను ఒక్క గీతతో కొట్టేసి, పక్కన రాసింది: 19 అక్టోబరు 1973, శుక్రవారం, మిల్ రోడ్డు. సంతకం పెట్టవలసిన చోట సంతకం పెట్టింది. తేదీలు చదివినవారి సంతకం కోసం అక్కడ ఒక గడి ఉంది.

పొట్లం చంకన పెట్టుకుని తలుపు వైపు నడిచింది. నోరీన్ పక్కకు తప్పుకుంది.

"ఏం చేస్తావిప్పుడు?" అని వెనకనుంచి అరిచాడు లైల్. "గడువు దాటిపోయింది! చట్టం ఏమీ చెయ్యలేదు, తెలుసా నీకు? ఎవరికి చెప్తావు?"

"అమ్మకు చెప్పమన్నాడుగా," అంది వాండా. "సమాధుల దగ్గరికి ముందు వెళ్తాను. తరవాత ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతాను. అప్పట్లో పోలీసులు తిరిగినట్టే. దుప్పటి ఎత్తి చూపిస్తాను."

కొట్టం బయట గాలి మొదలైంది. కోసిన చేల మీదుగా మొక్కజొన్న ఆకులు దొర్లుకుంటూ వస్తున్నాయి. ఆమె తన ట్రక్కు దగ్గరికి నలభై అడుగులు నడిచింది. నడుస్తూ వింటున్నది. లోపల ఇంజను ఇంకా గాల్లోనే వేలాడుతున్నది. ఎవరో ఒకరు పిడి పట్టుకుని రెండు పోట్లు కొట్టాలి.

ఆమె ట్రక్కు తలుపు తీసి, పొట్లాన్ని పక్క సీట్లో పెట్టి, దానికి బెల్టు కట్టింది. కొట్టంలోంచి పిడి చప్పుడు రాలేదు. ఈల రాలేదు. చాలాసేపటికి, ఇనుము మీద ఇనుము ఆనుతున్న బరువైన మూలుగు ఒకటి, మెల్లగా, మొదలైంది.